కిలోన్నర బిడ్డకు కులం ఉంటుందా?

పదిహేను వందల గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టిన శిశువును వైద్యులు ‘అతి తక్కువ బరువు శిశువు’గా లెక్కిస్తారు. అంటే కిలోన్నరకు లోపు. ఆ బిడ్డ బతకడానికి ఒంటికి వెచ్చదనం, ఊపిరికి ఆసరా, తల్లిపాలు, సూక్ష్మక్రిములు సోకని శుభ్రత కావాలి. ఇవాళ వీటిలో ఏదీ అద్భుతం కాదు. అరవై ఏళ్ల కిందట మాత్రం అద్భుతమే. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి నెలలు నిండకుండా పుట్టిన కొడుకు రెండు కిలోల పైచిలుకు బరువు ఉండి కూడా, ఊపిరితిత్తులు విచ్చుకోక రెండు రోజులైనా నిండకుండానే చనిపోయాడు. అంతటి అధికారమూ సంపదా ఆ పసివాణ్ణి నిలపలేకపోయాయి. ఈనాడు అదే బరువున్న బిడ్డను ఒక జిల్లా ఆసుపత్రిలో, శిక్షణ పొందిన నర్సు సీపాప్ యంత్రం సాయంతో గట్టెక్కించగలదు. జ్ఞానం వచ్చింది, మందు వచ్చింది, యంత్రం వచ్చింది. అవి ఏ బిడ్డ దాకా వచ్చాయి, ఏ బిడ్డ దాకా రాలేదు అన్నదే ఇప్పుడు మిగిలిన ప్రశ్న.

వైద్య పత్రికలు ఈ ప్రశ్నను ‘ప్రాంతీయ వ్యత్యాసాలు’ అనే శీర్షిక కింద చర్చిస్తాయి. ఒక ప్రాంతంలో ఇంతమంది, మరో ప్రాంతంలో అంతమంది అని పట్టికలు వేస్తాయి. ఆ పట్టికలతో నాకు పేచీ లేదు. కాకపోతే మన దేశంలో ‘ప్రాంతం’ అన్నది చాలా సందర్భాల్లో కులానికి పెట్టుకున్న మర్యాదపూర్వకమైన మారుపేరు అని నా అభిప్రాయం. వాడకు ఒక దిక్కు, ఊరికి ఒక దిక్కు, తండాకు మరో దిక్కు కేటాయించిన సమాజంలో భౌగోళిక పటం ఎప్పుడూ నిష్పాక్షికం కాదు.

ముందు ప్రాంతం లెక్క చూద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో నెల తిరగకముందే చనిపోయేవారు దేశం మొత్తం మీద 24.9 మంది. ఉత్తరప్రదేశ్‌లో 35.7, కేరళలో 3.4. తెలంగాణ 16.8తో, ఆంధ్రప్రదేశ్ 19.9తో నడుమ ఉన్నాయి. నెలలోపు మరణాలకు అన్నిటికంటే పెద్ద కారణం నెలలు నిండకపోవడం, బరువు చాలకపోవడం. కాబట్టి ఈ అంకెల వెనుక ఉన్నవారిలో అధికులు మనం మాట్లాడుకుంటున్న చిన్న బిడ్డలే. ఒకే రాజ్యాంగం కింద పుట్టిన ఇద్దరు శిశువుల మధ్య పది రెట్ల తేడా ఉంది.

అయితే కేరళను చూపి మురిసిపోయేవారు అట్టపాడిని కూడా చూడాలి. శిశు మరణాల రేటులో దేశానికే ఆదర్శమని చెప్పుకునే ఆ రాష్ట్రంలో, పాలక్కాడ్ జిల్లాలోని ఆదివాసీ ప్రాంతమైన అట్టపాడిలో 2013లో పసిపిల్లలు వరుసగా చనిపోయారు. తల్లుల్లో రక్తహీనత, బిడ్డల్లో బరువులేమి. రాష్ట్ర సగటు ఆ మరణాలను ఇట్టే మింగేసింది. సగటుకున్న గుణమే అది. మెజారిటీ క్షేమాన్ని అందరి క్షేమంగా చదివిస్తుంది.

ఇక కులం లెక్క. 2015–16 సర్వేలో ఏడాదిలోపు శిశు మరణాలు వెయ్యికి ఎస్సీల్లో 45.2, ఎస్టీల్లో 44.4, ఓబీసీల్లో 42.1 ఉండగా, ఈ మూడు వర్గాలకూ చెందని ‘ఇతరుల్లో’ 32.1 ఉన్నాయి. ఐదేళ్ల తర్వాతి సర్వేలో ఎస్సీల అంకె 40.7కు, ఎస్టీల అంకె 41.6కు దిగింది. అంటే ‘ఇతరులు’ 2015–16 నాటికే దాటివచ్చిన మెట్టును ఎస్సీ, ఎస్టీలు 2019–21లో కూడా అందుకోలేదు. నడక ఉంది, కాని వెనుక వరుసలోనే.

అతి తక్కువ బరువుతో పుట్టినవారి విషయానికి వస్తే, మనకు ఈ పాటి పట్టిక కూడా లేదు. కుటుంబ ఆరోగ్య సర్వే పుట్టిన బరువునూ అడుగుతుంది, కులాన్నీ అడుగుతుంది. కాని ఇలాంటి బిడ్డలు వంద కాన్పుల్లో ఒకరో ఇద్దరో ఉంటారు. వారిని రాష్ట్రాలవారీగా, ఆపై కులాలవారీగా విడదీస్తే ఒక్కో గడిలో మిగిలేది వేళ్ల మీద లెక్కించదగినంత మందే. ఆ సంఖ్యతో ఏ గణాంక శాస్త్రవేత్తా సాహసించి మాట చెప్పలేడు. రిజిస్ట్రార్ జనరల్ ఏటా వెలువరించే నమూనా నమోదు పత్రికలో గ్రామం–పట్టణం, ఆడ–మగ తేడాలుంటాయి గాని కులం వరుస ఉండదు. ఆసుపత్రుల శిశు విభాగాల్లో గ్రాములతో సహా బరువు రాస్తారు. కాని ప్రజల ముందుకు వచ్చే నివేదికల్లో ఆ బరువూ, ఆ కుటుంబపు సామాజిక స్థానమూ పక్కపక్కన కనిపించవు.

కొండాపూర్ నుంచి ఈ మాట రాయడానికి కారణముంది. 1998లో హైటెక్ సిటీ ప్రారంభమయ్యే నాటికి ఇది శేరిలింగంపల్లి మండలంలో రాళ్లూ రప్పలూ నిండిన శివారు గ్రామం. ఈరోజు కొత్తగూడ కూడలి నుంచి ఏ దిక్కుకు నడిచినా ఒక కార్పొరేట్ ప్రసూతి ఆసుపత్రి బోర్డు ఎదురవుతుంది. ఈ నగరపు వైద్యం ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు పిల్లల ఆసుపత్రిలో 2018లో కేవలం 375 గ్రాముల బరువుతో పుట్టిన పాప, నెలల తరబడి చికిత్స పొంది, ప్రాణాలతో ఇంటికి వెళ్లింది. అందుకు కారణమైన వైద్యులనూ నర్సులనూ మనసారా అభినందించాలి. 375 గ్రాముల బిడ్డ బతకగలిగిన నగరంలో 1,400 గ్రాముల బిడ్డ చనిపోతే, అది ప్రకృతి చేసిన పని అని ఇకమీదట ఎవరూ అనలేరు.

ఆ బోర్డుల మధ్యనే కొండాపూర్ ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది. అక్కడి ఓపీ వరుసలో నిలబడేది ఎవరో చూడండి. గేటెడ్ కమ్యూనిటీల్లో అంట్లు తోమే స్త్రీలు, అపార్టుమెంటు సెల్లార్‌లో ఒక్క గదిలో కాపురముండే వాచ్‌మన్ల భార్యలు, పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి కట్టడాల పనికి వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్న కూలి తల్లులు. వీరిలో అత్యధికులు దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాలవారని చెప్పడానికి సర్వే అవసరం లేదు. ఎనిమిదో నెలలో కూడా ఇసుక తట్ట మోసిన తల్లికీ, ఆమె కట్టిన అంతస్తులోనే ఏసీ గదిలో కూర్చుని పనిచేస్తూ ఆరు నెలల జీతంతో ప్రసూతి సెలవు తీసుకునే తల్లికీ మధ్య దూరం అర కిలోమీటరు ఉండదు. పటం మీద వారిది ఒకే ప్రాంతం.

రేకుల షెడ్డు తల్లికి ఏడో నెలలో నొప్పులు వస్తే ఏమవుతుంది? ఎదురుగా ఉన్న కార్పొరేట్ ఆసుపత్రిలో శిశువు పడకకు రోజుకు వేలల్లో కట్టాలి. ఆరోగ్యశ్రీ జాబితాలో నెలలు నిండని శిశువులకు, గర్భస్థ వారాలను బట్టి ప్యాకేజీలు ఉన్న మాట నిజమే. కాని దానికి తెలంగాణ రేషన్ కార్డు కావాలి. ఒడిశా కూలీ దగ్గర అది ఉండదు, పాలమూరు కూలీ దగ్గర ఉన్నా సొంతూరి పెట్టెలో ఉంటుంది. ఇక మిగిలింది పదిహేను కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి నిలోఫర్ చేరుకోవడం. నిజాం కోడలు నిలోఫర్, తన పరిచారిక రఫతున్నీసా కాన్పులో చనిపోయినందుకు చలించి, పట్టుబట్టి తెప్పించిన ఆసుపత్రి అది. 1953 నుంచి ఈ రాష్ట్రపు పేద బిడ్డలకు చివరి దిక్కుగా ఉంది. ఒక పనిమనిషి మరణం నుంచి పుట్టిన ఆసుపత్రికి డెబ్బై ఏళ్ల తర్వాత కూడా పనిమనుషుల బిడ్డలే పరుగెత్తుకుంటూ రావలసి వస్తోంది. మైళ్ల దూరం నుంచి కాదు, ఆసుపత్రుల నడివీధి నుంచి. ఏటూరునాగారం నుంచి వరంగల్ ఎంజీఎంకు నూరు కిలోమీటర్లు, భద్రాచలం నుంచి హైదరాబాద్‌కు మూడు వందల కిలోమీటర్లు. కొండాపూర్ కూలి తల్లికి ఆ దూరం కిలోమీటర్లలో కనిపించదు, అంతే తేడా.

బిడ్డను పుట్టాక తరలించడానికీ, తల్లి కడుపులో ఉండగానే తరలించడానికీ చాలా భేదముంది. అన్ని వసతులూ ఉన్న ఆసుపత్రిలో పుట్టిన అతి తక్కువ బరువు శిశువులనూ, ఆ వసతులు లేనిచోట పుట్టినవారినీ పోల్చిన అధ్యయనాలను గుదిగుచ్చి 2010లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక ప్రచురించింది. మొదటి వర్గంలో నూటికి 23 మంది, రెండో వర్గంలో 38 మంది చనిపోయారు. ఇంకొక అధ్యయనం మనకు మరింత దగ్గరిది. అమెరికాలో నల్లజాతివారు ఎక్కువగా వెళ్లే ఆసుపత్రుల్లో అతి తక్కువ బరువు శిశువుల మరణాలు ఎక్కువని 2005లో మొరాలెస్, ఆయన సహచరులు చూపారు. ఆ ఆసుపత్రుల్లో పుట్టిన తెల్లజాతి బిడ్డలకూ ముప్పు ఎక్కువే. అంటే బిడ్డ చర్మంలో లోపం లేదు. ఎవరి కోసం ఏ ఆసుపత్రి నడుస్తోంది, అక్కడ ఎంతమంది నర్సులున్నారు అన్నదాంట్లో ఉంది. ‘దళితులకు ప్రత్యేకంగా ఏ వైద్యుడైనా అన్యాయం చేస్తున్నాడా?’ అని నన్ను అడిగే విద్యార్థులకు నేను ఈ ఉదాహరణే చెబుతాను. ఒక్క వైద్యుడూ ద్వేషించకుండానే, ఒక్క నర్సూ కులం పేరు ఎత్తకుండానే, వివక్ష తన పని తాను చేసుకుపోగలదు. వరుస ఎక్కడ కట్టాలో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది.

మరో వాదన కూడా వింటుంటాను, అదీ చదువుకున్నవారి నుంచి. మన స్త్రీలు పొట్టివారు, కాబట్టి మన పిల్లలు సహజంగానే చిన్నగా పుడతారట. ఈ ‘సహజం’ అన్న మాట వినగానే జాగ్రత్త పడాలి. ఈ దేశంలో కులాన్ని సమర్థించిన ప్రతివాడూ దాన్ని సహజమనే అన్నాడు. ఇంటర్‌గ్రోత్–21 అనే అంతర్జాతీయ అధ్యయనం ఎనిమిది దేశాల్లో ఆరోగ్యంగా, తిండికి లోటు లేకుండా ఉన్న తల్లుల గర్భాలను కొలిచింది. అందులో మన నాగ్‌పూర్ ఒకటి, ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ ఒకటి. కడుపులో బిడ్డ పెరుగుదల అన్నిచోట్లా దాదాపు ఒకేలా ఉందని 2014లో ఫలితాలు వచ్చాయి. కాబట్టి మన బిడ్డలు చిన్నగా పుట్టడం జాతి లక్షణం కాదు. అమ్మమ్మ తినలేని జొన్న రొట్టె, అమ్మకు దక్కని పాలు, పద్దెనిమిది నిండకుండా కట్టిన తాళి, అన్నీ కలిసి మనుమరాలి తూకంలో తేలుతున్నాయి. తెలంగాణలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిదేళ్లు రాకముందే పెళ్లయిందనీ, పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందనీ చివరి సర్వే చెబుతోంది.

ఇక్కడే బరువు అనే కొలమానంలోని చిక్కు కూడా చెప్పాలి. పద్నాలుగు వందల గ్రాముల బిడ్డ ముప్పై వారాలకే పుట్టి ఉండవచ్చు, లేదా ముప్పై నాలుగు వారాలు కడుపులో ఉండి కూడా ఎదగక పుట్టి ఉండవచ్చు. మొదటి బిడ్డకు కావలసింది ప్రధానంగా ఊపిరితిత్తుల సాయం, రెండో బిడ్డ చెబుతున్నది తల్లి ఆకలి గురించి. తూకం ఇద్దరినీ ఒకే గడిలో వేస్తుంది. ప్రాంతాలను పోల్చేటప్పుడు ఈ భేదం చూడకపోతే, ఆకలిని వైద్య సమస్యగా మాత్రమే చదువుతాం.

లెక్కలోకే రాని మరణాల సంగతి ఇంతకంటే ఘోరం. బిడ్డను తూచని చోట అతి తక్కువ బరువు బిడ్డ చనిపోవడమంటూ ఉండదు. ఒక్కసారి ఊపిరి తీసి ఆగిపోయిన బిడ్డను ‘చచ్చి పుట్టింది’ అని రాసేస్తే శిశు మరణాల రేటు చెక్కుచెదరదు. ఆసుపత్రుల్లో ‘లామా’ అని ఒక గడి ఉంటుంది. వైద్యుల సలహాకు వ్యతిరేకంగా వెళ్లిపోయినవారు అని దాని అర్థం. అప్పు పుట్టక, కూలి పోతుంటే తాళలేక, ఇంటి దగ్గర ఇంకో పసిపిల్లను చూసుకునే దిక్కులేక, ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డను తువ్వాలులో చుట్టుకుని వెళ్లిపోయిన తల్లిదండ్రులు ఆ గడిలో ఉంటారు. ఆ బిడ్డలు తర్వాత ఏమయ్యారో ఆసుపత్రి మరణాల లెక్కలో రాదు. ఆ కుటుంబం ‘సలహాను ధిక్కరించింది’ అన్న మాట మాత్రం శాశ్వతంగా నమోదై ఉంటుంది. ఈ గడిలోని పేర్లను కులాలవారీగా ఒక్క ఏడాది విడదీసి చూపగలిగిన పరిశోధక విద్యార్థి ఎవరైనా ఉంటే, ఆ సిద్ధాంత గ్రంథం చదవడానికి నేను ఎదురు చూస్తాను.

పరిష్కారాలు మన చేతికి అందనివేమీ కావు. నెలలు నిండకుండా కాన్పు అవుతుందని తెలిసిన తల్లికి ఆసుపత్రిలో ముందుగా ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ బిడ్డ ఊపిరితిత్తులను సిద్ధం చేస్తుందని 1972 నుంచీ తెలుసు, పైగా అది చవకైన మందు. తెలంగాణ సరిహద్దుకు ఆవలే ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గరే నవజాత శిశువులను చూసుకునే పద్ధతితో నెలలోపు మరణాలను 62 శాతం తగ్గించారు. ఆ ఫలితాలు 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. 2011లో కేంద్రం ఆశా కార్యకర్తల ద్వారా ఆ పద్ధతిని దేశమంతటికీ తెచ్చింది. నిజానికి ఊరి స్త్రీ చేతిలో బిడ్డ బతకడం తెలుగు నేలకు కొత్త కాదు. తరతరాలుగా పురుళ్లు పోసింది మంగలి, మాదిగ, మాల మంత్రసానులే. బొడ్డు కోసిన చేతిని మైల అన్నారు, ఆ జ్ఞానానికి పేరు లేకుండా చేశారు, ఆపై ప్రసూతి వైద్యం గౌరవప్రదమైన వృత్తి అయ్యాక ఆ గదిలోకి వారిని ఆయాలుగా మాత్రమే రానిచ్చారు.

బిడ్డను తల్లి రొమ్ముకు హత్తి ఉంచే కంగారూ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో పుట్టింది. మన దేశంతో పాటు ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన పరీక్షలో, కిలో నుంచి 1,800 గ్రాముల లోపు బిడ్డలకు పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెడితే నెలలోపు మరణాలు నూటికి 15.7 నుంచి 12కు తగ్గాయని 2021లో తేలింది. యంత్రం ఖర్చు లేదు. కాని తల్లి రోజుల తరబడి, రోజుకు చాలా గంటలు బిడ్డతో ఉండాలి. అందుకు శిశు విభాగంలోనే ఆమెకు పడక కావాలి, అన్నం కావాలి, పోయిన కూలికి బదులు కావాలి. ఆహార భద్రతా చట్టం 2013లోనే ప్రతి గర్భిణికీ కనీసం ఆరు వేల రూపాయలు ఇవ్వాలంది. కేంద్ర పథకం దాన్ని ఐదు వేలు చేసి మొదటి కాన్పుకు పరిమితం చేసింది, తర్వాత రెండో బిడ్డ ఆడపిల్లయితే సరేనంది. 2017లో తెలంగాణ తెచ్చిన కిట్టు, మగబిడ్డకు పన్నెండు వేలు, ఆడబిడ్డకు పదమూడు వేలు, దీనికంటే ఉదారమైనదే. అయినా నెలలు నిండని బిడ్డ తల్లికి అదనంగా ఆసుపత్రిలో గడపవలసిన వారాల కూలి గురించి ఎవరూ ఆలోచించలేదు.

‘ఇదంతా పేదరికం, కులమెందుకు?’ అని అడిగే మిత్రులకు ఒక జవాబు. తొమ్మిది రాష్ట్రాల సమాచారంతో 2022లో వెలువడిన ఒక అధ్యయనం, అగ్రకుల హిందువులతో పోలిస్తే ఆదివాసీల ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా, దళితులది మూడేళ్లకు పైగా తక్కువని చూపింది. ఆర్థిక స్థితిని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడాలో సగానికి మించి మిగిలే ఉంది. ఇక ‘ఎస్సీ’ అన్న ఒక్క గడి కూడా చాలదని 2024 ఆగస్టు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వేరే చెప్పనక్కరలేదు. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణ 59 షెడ్యూల్డ్ కులాలను మూడు గ్రూపులుగా విడదీసి ఉద్యోగాలు పంచుతోంది. ఉద్యోగానికి పనికొచ్చిన వర్గీకరణ ఊయల దాకా ఎందుకు రాకూడదు?

రాష్ట్రం 2024లో ఇంటింటి కుల సర్వే చేసింది. రాబోయే జనగణనలో కులాన్ని లెక్కిస్తామని 2025 ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించింది. అవి బతికున్నవారి లెక్కలు. పుట్టి, పేరైనా పెట్టించుకోకుండా పోయిన బిడ్డ వాటిలో ఉండదు. ఆ బిడ్డ కనిపించే కాగితం ఒక్కటే, జనన నమోదు ఫారం. దానిలో రెండు భాగాలుంటాయి. ధ్రువపత్రానికి ఆధారమయ్యే చట్టబద్ధ భాగం ఒకటి, గణాంకాల కోసం విడదీసే భాగం మరొకటి. రెండో భాగంలో కుటుంబపు మతం అడుగుతారు, తల్లిదండ్రుల చదువు, వృత్తి అడుగుతారు, బిడ్డ బరువు, గర్భం వారాలు అడుగుతారు. కులం అడగరు. కాన్పు గదిలో కులం అడగడం మొదలైతే దానితోనే కొత్త అవమానం మొదలవుతుందని దళిత మిత్రులు కొందరు భయపడుతున్నారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే ఆ వివరం ధ్రువపత్రం మీదికి రాకుండా గణాంక భాగంలోనే ఉండాలి, కాన్పయ్యాక, డిశ్చార్జి వేళ నింపాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం సెక్షన్ 30 కింద కేంద్రం ఆమోదంతో రాష్ట్రమే ఈ నిబంధన చేయవచ్చు, పార్లమెంటు దాకా వెళ్లనక్కరలేదు. తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి కనుక ఆ గడి నింపడానికి ఎవరూ గడప గడపకూ తిరగనక్కరలేదు. బిడ్డను తూచి బరువు రాసే చోట ఆ కాగితం ఎలాగూ ఉంటుంది.